పేరు చెప్పకూడని డాక్టరు

మా పక్కింటి డల్సీకి బేకరీ ఆవిడ చెప్పిందట, ఆవిడకి పోస్టాఫీసులో ఎవరో చెప్పారట: మా కుల్లరూ ఊరి డాక్టరు మీద విచారణ ముగిసింది, తప్పు తేలింది, మందలించి వదిలేశారు, పేరు మాత్రం బయటపెట్టరు!

ఎంత గొప్ప నిర్ణయం! ఎవరేమన్నా సరే, డాక్టర్ల తప్పులు గుట్టుగా ఉండడమే ప్రజలకు ఆరోగ్యం.

విచారణ చేసిన మెడికల్ బోర్డువారి ప్రకటన ఎంత ముచ్చటగా ఉందో చూడండి. "కుల్లరూలో పనిచేస్తున్న ఒక డాక్టరు" అన్నారు. కుల్లరూలో ఉన్నదే ఒక్క డాక్టరు! అయినా మేం మర్యాదస్తులం. ఎవరై ఉంటారా అని ఊరంతా బుర్ర గోక్కున్నాం. క్లబ్బులో మెర్వ్ అయితే ఆ డాక్టరు పక్కనే కూర్చుని, "ఎవరంటారు డాక్టరుగారూ?" అని అడిగాడు కూడా.

"ఎవరో పాపం!" అన్నాడాయన.

అసలు సంగతి నోలీన్ వీపు మీది మచ్చ. గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో ఏళ్ళ తరబడి వంట చేసిన ఆవిడ. మచ్చ పెరుగుతోందని ఎన్నిసార్లు వెళ్ళినా ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఎండ మచ్చ. టోపీ పెట్టుకో" అన్నాడట. వీపుకి టోపీ! చివరికి నగరంలో కోయించుకునేసరికి కేన్సర్ చంకలోకి పాకింది.

విచారణలో ఆమె వీపుని బోర్డు సభ్యులంతా పెద్ద తెర మీద చూశారు. ఆమె వయసు, బరువు, తాగే బీరు, అన్నీ చర్చకొచ్చాయి. డాక్టరు పేరు మాత్రం మూసిన తలుపుల వెనకే ఉండిపోయింది. పాపం, ఆయనకి సిగ్గెక్కువ!

తిక్కవాళ్ళు కొందరు అడుగుతారు: బొద్దింక దొరికిందని చేపల వేపుడు కొట్టు పేరు పేపర్లో వేశారే, పోస్ట్‌మన్‌ని కరిచిందని నా కుక్కని ఫొటోతో సహా కౌన్సిల్ గోడకెక్కించారే, అని. అయ్యా, వేపుడు కొట్లు రెండున్నాయి. ఒకటి కాదంటే ఇంకోదానికి పోతాం. ఇంకో డాక్టరు కావాలంటే సగం రోజు కారు నడపాలి. పేరు తెలుసుకుని చేసేదేముంది, ఊరికే బెంగ తప్ప?

కొన్నాళ్ళకి ఆయన "కుటుంబ కారణాల" మీద బుంగరాల్ అనే ఊరికి వెళ్ళిపోయాడు. సగం గొర్రె మాంసం కోయించి, పొట్లాలు కట్టించి, చప్పట్లు కొట్టి సాగనంపాం. బుంగరాల్ వాళ్ళకి మేమేమీ చెప్పలేదు. చెబితే ఇంక గుట్టేముంది?

మొన్న ఆదివారం కొత్త డాక్టరు వచ్చాడు. మహిళా సంఘం హాల్లో స్వాగతం. స్కోన్లనే చిన్న రొట్టెలు, వాటిలోకి జామ్, మీగడ. ఇకమీదట నోలీన్ వీపు చూడాల్సింది ఈయనే కనక ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టాం. కొత్త డాక్టరు నవ్వుమొహం మనిషి. పాత ఊరు ఎందుకు వదిలాడో తనే చెప్పాడు. కుటుంబ కారణాలట!

అందరి చేతుల్లోని స్కోన్లు నోటి దగ్గరే ఆగాయి. కాసేపటికి మర్యాదగా నమలడం మొదలైంది.

నోలీన్ మాత్రం ప్లేటు కింద పెట్టేసింది.

"నా దగ్గర మొహమాటపడకండమ్మా. నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అన్నాడు డాక్టరు.

"తలుపు సరేనయ్యా. అక్కడ ఎవరి వీపు చూడకుండా వచ్చావు?"