గొంతు తీసేసిన వీడియో

ఆ ఉదయం పరంజ్యోతమ్మ అనుకున్నది చిన్న పనే. నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో ఆడబిడ్డ లూదియా ఇంట్లో జరిగే జ్ఞాపకార్థ కూటానికి వెళ్లడం. ఆమె భర్త బాలస్వామి పోయిన రోజది. ఏటా పాటలు, ప్రార్థన, భోజనం ఉంటాయి. ఈసారి ఆయన్ను చూడటం కూడా ఉంది.

లూదియా పెళ్లినాటి క్యాసెట్టు బీరువా అడుగున దొరికింది. బూజు పట్టిన టేపులో భోజనాల భాగం ఒక్కటే బతికిందని స్టూడియో వాళ్లు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారు. ఫోటోల్లో ఎప్పుడూ బిగుసుకుపోయిన ఆ మనిషి, నడుస్తూ, నవ్వుతూ ఎలా ఉండేవాడో పరంజ్యోతమ్మకు మెల్లగా మరపున పడుతోంది. ఆ భయం ఆమె ఎవరికీ చెప్పలేదు.

బేతంచెర్ల, నందికొట్కూరు బంధువులు కూడా చూడాలని లూదియా వీడియోను కుటుంబం గ్రూపులో పెట్టమంది. కూతురు జెస్సీ వంటసాయానికి ముందే ఆళ్లగడ్డ చేరడంతో, ఆ పని అల్లుడు అజయ్ కుమార్ మీద పడింది.

"శానా పెద్ద ఫైలత్తా. ఇట్టనే పంపితే పోదు. కుదించితే ముఖాలు ఇడ్లీపిండి అయితాండాయి."

"ముఖాలు పోతే ఇంగ ఏం జూసేది నాయనా?"

"ముఖాలు నిలవాలంటే ఇంగోటి తీసేయాల." అజయ్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విన్నాడు. "కెమెరా కాడ ఎవరో ఒకాయప్ప అదే పనిగా అరుస్తాండాడు. సౌండు తీసేస్తే ఆ జాగా అంతా బొమ్మకు వస్తాది."

"తీసేయ్, తీసేయ్."

అజయ్ ఆ ఇంటి అల్లుడయ్యేనాటికే బాలస్వామి లేడు.

బస్సు దిగిన ప్రతిసారీ సీటు కింద వంగి వెతికే మనిషి పరంజ్యోతమ్మ. ఎందుకైనా మంచిదని, అసలు ఫైలున్న పెన్‌డ్రైవ్‌ను బైబిలు సంచిలో వేసుకుని అజయ్‌తో బస్సెక్కింది.

ఆళ్లగడ్డలో లూదియా భర్త శాంసన్, గ్రూపులో వచ్చిన వీడియోను పెద్ద టీవీకి ఎక్కించాడు. ఫోన్లో బాగానే ఉన్న బొమ్మ అక్కడ గడులు గడులుగా చెదిరిపోయింది. తెల్లచొక్కా ఒకటి బకెట్టు పట్టుకుని భోజనాల బంతిలో అటూ ఇటూ తిరుగుతోంది.

"మా అన్నే! ఆ భుజం జూడండి!" అని లూదియా ఏడ్చింది.

ఆనాడు భర్తకు తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చిన పరంజ్యోతమ్మ లేచి వెళ్లి టీవీ మీద చేయి పెట్టింది. పాస్టరుగారు ఆ తెల్లచొక్కా కోసం కృతజ్ఞతా ప్రార్థన ఎత్తుకున్నారు. పరలోకంలో కూడా వడ్డిస్తాంటాడని నందికొట్కూరు నుంచి ఎవరో గ్రూపులో రాశారు.

అప్పుడే బాలస్వామి స్నేహితుడు, రైతు శేషయ్య, గుమ్మంలోకి వచ్చాడు. 'ఆమేన్' అనేదాకా మర్యాదగా ఆగాడు.

"అది నేను గదమ్మా. ఆ పొద్దు కూర వడ్డించింది నేనే."

"ఏందన్నా ఆ మాట? మా అన్నను నాకు తెలీదా?"

"నేనింగా సావలేదు లూదియా. అప్పుడే పరలోకానికి పంపితిరి!"

"ఆ తెల్లచొక్కా నేనేమో అనుకుంటాండా," అన్నాడు శాంసన్.

"నువ్వు పెండ్లికొడుకువయ్యా! సూటేసుకొని కూచున్యావ్!" అన్నాడు శేషయ్య.

గొడవ ముదిరి బేతంచెర్ల నుంచి ఫోన్లు మొదలయ్యేసరికి, పరంజ్యోతమ్మ సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చింది. అజయ్ దాన్ని టీవీకి పెట్టాడు. ఈసారి బొమ్మ స్పష్టంగా ఉంది. బకెట్టు, తెల్లచొక్కా, దాని పైన శేషయ్య గుబురు మీసం.

ఎంత చూసినా బాలస్వామి ఏ బంతిలోనూ లేడు. పరంజ్యోతమ్మ కుర్చీలోకి జారిపోయింది. జెస్సీ సౌండు పెంచింది.

"శేషయ్యా, అడ్డం లెయ్యప్పా! నా పెండ్లాము కనపడ్ల్యా. కెమెరా ఆయప్ప అన్నం తిని వచ్చేలోపల తీసుకోవాల. పరంజ్యోతీ, ఇట్ట సూడు! రేపు ఊరికి పోతే మళ్ల పనేనంట, ఇప్పుడే నవ్వు!"

టీవీలో, విస్తరి ముందు, నోటినిండా అన్నంతో పడుచు పరంజ్యోతి నవ్వింది. కెమెరా బంతులన్నీ తిరుగుతూ తిరుగుతూ మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది.

అజయ్ తల దించుకున్నాడు. "అత్తా, నేనా గొంతును..."

"అరుపే నాయనా. ఉన్నన్ని దినాలు అట్టనే అరిసినాడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మళ్ల పెట్టు."

సరైన వీడియో పంపమని గ్రూపులో అందరూ అడిగారు. అజయ్ భయం భయంగా అత్త వైపు చూశాడు. "ఇంత పెద్దది పోదత్తా. ఏదో ఒకటి తీసేయాల."

"బొమ్మ తీసేయ్. గొంతు పంపు."

శేషయ్య మాత్రం, తన మీసం మిగిలిన వీడియో అదొక్కటేనని, అందుకు ఒప్పుకోలేదు.