కోదండుని మౌన సంగ్రామము, అనగా పాకాల పుట్టగొడుగుల గాథ

మీటరుగేజి పట్టాలను ఇంకా పీకివేయని ఆ పుణ్యకాలమున, భాద్రపద మాసమున, పడమటి కొండలపై మేఘములు నగారాలు మ్రోగించి, వాన దంచికొట్టి వెలిసిన శనివారపు సాయంకాలమున, పాకాల జంక్షనుకు కూతవేటు దూరమునందలి గుట్టవాలున, ముగ్గురు మహావీరులు ఒక చెదపుట్ట ముందు మోకాళ్లపై వంగి ఊపిరి బిగపట్టిరి.

వారిలో మొదటివాడు ధూమశకటప్రవేశపత్రప్రదాత యోగానంద, అనగా రైల్వే టికెట్ల గుమాస్తా. రెండవవాడు ఇక్షువనపాలకుడు హేమచంద్ర, అనగా చెరకు రైతు. మూడవవాడు సూచీశస్త్రధారి, రవికల కొలతలలో అసమానప్రజ్ఞుడు, మన కథానాయకుడు, దర్జీ కోదండుడు. వానాకాలపు ఆదివారములలో పుట్టగొడుగుల వేట ఈ మువ్వురి ఉమ్మడి వ్యసనము.

పుట్ట చుట్టును తెల్లని మొగ్గలు అప్పుడే నేలను చీల్చుకొని తలలెత్తుచుండెను. మొగ్గను కోయరాదు, రాత్రి గడిచి గొడుగు విచ్చిన పిమ్మటనే కోయవలెను. ఇది వేటధర్మము. కావున ఆ ఒక్క రాత్రి రహస్యమును కాపాడుటయే యుద్ధము, ఆ యుద్ధములో కోదండుడు ఏనాడును గెలిచి యెరుగడు.

"రేయ్ కోదండం, పోయినేడు రవిక కొలతలకొచ్చినామెకు చెప్పినావు. అంతకు ముందేడు టీ అంగట్లో చెప్పినావు. రెండు తూర్లూ మనకు మిగిలింది కాడలే" అని యోగానంద నిట్టూర్చెను.

"ఈ తూరి బయటికి పొక్కిందంటే, సూడప్పా, ఇంక నువ్వు మాతో రావద్దు. అంతే" అని హేమచంద్ర తెగేసి చెప్పెను.

ఆరు దినములు మిషను తొక్కి తొక్కి కాళ్లు పీకిన కోదండునికి, ఈ ఇద్దరితో గుట్టలు తిరిగెడి ఆదివారముకంటె మించిన సుఖము లోకమున లేదు. వెంటనే అతడు కాణిపాకం దిక్కునకు తిరిగి, చేయి చాచి, "ఓ దిక్కులారా వినుడు! రేపు సూర్యబింబము గుట్టపైకి తలయెత్తు పర్యంతము నా వదనగుహనుండి ఒక్క అక్షరము వెడలినచో వరసిద్ధి వినాయకుడే నన్ను విచారించుగాక!" అని గర్జించెను. ఊరి మాటలలో అతడన్నది ఇంతే: "కాణిపాకం సామి మీద ఒట్టు. పొద్దు పొడిసేదాకా నోరే తెరవను."

ఆ దేవుని మీద దొంగ ఒట్టు వేయుటకు ఆ సీమలో ఎంతవానికైనను గుండె చాలదు. ఒట్టు పడెను, యుద్ధము మొదలయ్యెను.

టీ అంగడి ముంగిట తొలి సమరము. "ఏమబ్బా, ఈ వానలో యాడికి పోయినావు?" అని ఎవరో అడిగినంతనే, అతని నాలుక సంకెళ్లు తెంచుకొని దంతప్రాకారముపై దండెత్తగా, "పు" అను అక్షరము పెదవుల దాకా వచ్చెను. కోదండుడు గుప్పెడు తమలపాకులు నోట కుక్కుకొని పరుగు లంకించుకొనెను.

ఇంట మలి సమరము. భార్య ప్రసూనాంబ రాగిసంగటి వడ్డించి, "ఏందయ్యా, ఉలకవు పలకవు? ఉప్పు సరిపోయిందా?" అనెను. వీరుడు తల ఊపెను. పదిహేనేండ్ల కాపురములో ఉప్పును గూర్చి ఉపన్యసింపని భోజనము అదియే మొదలు కావున, ఆ ఇల్లాలు బెదిరిపోయి, "గంగులమ్మక్కా! మా ఆయనకు నోరు పడిపోయిందే!" అని గోడ మీదుగా కేక పెట్టెను.

పొరుగింటి గంగులమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో వచ్చి, దిష్టి తీయుచు వీరుని ఆపాదమస్తకము పరికించెను. ఆమె చూపు అతని మోకాళ్లపై ఎండిన ఎర్రమన్ను దగ్గర ఆగెను. చిన్నగా నవ్వి, "ఏం కాలేదులే, పండుకోనీ" అని వెడలిపోయెను. గెలిచితినని కోదండుడు కన్నులు మూసెను.

చీకటి విచ్చుచుండగా మువ్వురును తట్టలతో పుట్ట చేరిరి. అక్కడ శ్వేతచ్ఛత్రములు! గుట్టంతయు వెన్నెల చల్లినట్లు విచ్చుకొన్న గొడుగులు! ఆనందము పట్టలేక వెనుదిరిగి చూతురు గదా, చేటలు, గంపలు, సత్తు గిన్నెలు ధరించి, గంగులమ్మ సేనానాయకత్వమున వీధి వీధియే కదలి వచ్చుచుండెను. చిట్టచివర ప్రసూనాంబ.

"చెప్పేసినావు కదరా!" అని హేమచంద్ర తట్ట విసరికొట్టెను.

హా, ఎంతటి విపత్తు! సూర్యుడింకను రాలేదు. నోరు విప్పిన ఒట్టు పోవును, విప్పకున్న స్నేహము పోవును. కోదండుడు వేలితో తూర్పు చూపుచు, కన్నీళ్లు కారుచుండ, పెదవులు బిగించి నిలిచెను.

"యాడ చెప్పినాడన్నా!" అని ప్రసూనాంబ జనమును తోసికొని వచ్చెను. "ఉప్పు ఎట్లుండాదో కూడా చెప్పలేదు. రాత్రంతా భయంతో నాకు నిద్ర లేదు."

"ఆయప్ప చెప్పలేదు నాయనా" అని గంగులమ్మ నడుమున చేతులుంచుకొనెను. "వాన వెలిసినాక కోదండం నోరు మూసుకున్నాడంటే ఇంకేమంటా అర్థం? మోకాళ్లకేమో పుట్టమన్ను. ఎనకాలే వచ్చేసినాము."

యోగానంద ఫక్కున నవ్వెను. హేమచంద్ర తల గోకికొని, విసరిన తట్టను తానే తెచ్చుకొనెను. వీధివారెల్లరు పుట్టగొడుగులు పంచుకొనగా కోదండుని వంతునకు మూడు వచ్చెను. సరిగా అప్పుడు గుట్టపై సూర్యుడు పొడిచెను.

రాత్రంతయు కట్టువడిన నోరు కట్ట తెంచుకొనెను. "అబ్బా! ఇదేం పుట్టప్పా! చెరుకుతోట ఎనక కంచె కింద హేమచంద్ర ఇంకోటి దాచి పెట్టుకోనుండాడు. దీనికి మూడింతలు ఉండాది!"

మరుక్షణము సేన యావత్తు చెరకుతోట దిక్కునకు దుమికెను. హేమచంద్ర ఉన్నచోటనే కూలబడెను.

"వీనికి పొద్దు పొడిసేదాకా ఒట్టు సాలదు" అని మూలిగెను. "దీపావళి దాకా ఏయించల్ల."

కోదండుడు గొంతు తగ్గించి, "అయితే వచ్చే ఆదివారం నేనూ రావచ్చునా?" అని అడిగెను.

"రాకుండా యాడికి పోతావు? నీ వాగుడు లేకుంటే గుట్టంతా బోసిపోతాది. తట్ట ఎత్తు" అని హేమచంద్ర అనెను.

దిక్కులారా, వినుడు! శనివారపు సాయంకాలము మొదలు ఆదివారపు సూర్యోదయము వరకు, నిద్రించిన సమయమును గూడ కలుపుకొని, పాకాల దర్జీ కోదండుడు నోరు మూసుకొనెను! ఆ మధ్యాహ్నము అతని ఇంట మూడు పుట్టగొడుగుల పులుసు కాగెను. అందులో ఉప్పు తక్కువని అతడు సాయంకాలము దాకా చెప్పుచునే యుండెను.