మూల చిరిగిన కార్డు

"బాలస్వామీ, రాసి పెట్టుకో. ఈ ఆత్మకూరుల నేరం చేసి నా కండ్లు గప్పి పోయినోడు ఇంక పుట్టలేదు."

దశరథం ఈ మాట వారానికోసారి అంటాడు. ఆత్మకూరులో నేరాలు అంత తరచుగా జరగవు కాబట్టి ఆ కళ్లకు పెద్ద పరీక్షేమీ రాలేదు. పేరుకు ఆయనది ఎస్టీడీ బూత్. మనిషికో సెల్‌ఫోన్ వచ్చాక బూత్‌లో జనం తగ్గి, ఆయనలో డిటెక్టివ్ పెరిగాడు. పక్కనే టైలర్ బాలస్వామి కుట్టుమిషన్. పాపం, అతనికి తప్పించుకునే దారి లేదు.

ఆ సాయంత్రం అదే వీధి రాధమ్మ, వీధి ఉత్తరాలు పెట్టే బూత్ బల్ల మీంచి తన కార్డు తీసుకుపోయి, వెంటనే వెనక్కొచ్చింది. చెంగుతో పట్టుకున్న పోస్టుకార్డును ఒంటికి తగలకుండా దూరంగా చాచి, గడప అవతలే నిలబడింది. కార్డుకు ఒక మూల లేదు.

బాలస్వామి మిషన్ ఆగింది. పాతకాలంలో కార్డు చదవడం ఆఖరి పని. ముందు మూలలు చూసేవారు. పసుపు ఉంటే పెళ్లి, చిరిగి ఉంటే చావు. చిరిగినదాన్ని ఇంట్లోకి తేరు. బయటే చదివి, చింపి పారేసి, తలస్నానం చేస్తారు. సెల్‌ఫోన్‌కు ఈ మర్యాద తెలియదు. ఎవరు పోయినా అదే పాట మోగుతుంది.

"పొద్దుగాల మీ బల్ల మీద పెట్టిపోయిన అని పోస్టుమన్ భీమయ్య చెప్పిండు. గద్వాల ముద్ర ఉన్నదంట," అంది రాధమ్మ. "గద్వాల కెల్లి మాకు రాసేటోడు కృష్ణయ్య బావ ఒక్కడే. పోయిన మా ఆయనకు అన్న. పొలం గట్టు కాడ మాటామాటా పెరిగి పన్నెండేండ్లాయె, మాటల్లేవు. మా బిడ్డ వర్ష పెండ్లికి పసుపు కార్డు రాయిస్తి. జవాబు గిట్లొచ్చె."

"చదవాల్నా?" అని బాలస్వామి చెయ్యి చాచాడు.

"వద్దయ్యా. ఎల్లుండి పెండ్లి. చదివితె మైల తగుల్తది, పెండ్లి ఆగుతది. చదవకుంటె మైల లేదు."

"పోనీ, ఫోన్ చేస్తె?"

"చేస్తె చెప్తరు గద."

రాధమ్మ లెక్కలో తప్పేమీ లేదు. కానీ బావ ఉన్నాడో లేడో తెలియకుండా పందిట్లో నవ్వుతూ తిరగడం ఆమె వల్ల కాదు. "దశరథమన్నా, చదవకుండ జర కనుక్కో," అంది.

చదవకుండా కనుక్కోవడం. దశరథం ఇరవై ఏళ్లుగా కాచుకున్న కేసు ఇదే. "చదివి కనుక్కునేటోళ్లు గుమస్తాలు, రాధమ్మా. డిటెక్టివ్ అంచులు చూస్తడు."

కార్డును బోర్లా పెట్టి, భూతద్దం పట్టి, వాసన కూడా చూశాడు. "చిరుగు కొత్తది. చింపినోడు కుడిచేతి వాటం. ఏదో బాధల ఉన్నడు. ఇది వానికి మొదటి నేరం కాదు."

దూలానికి వేలాడుతున్న తీగను దించాడు. ఇరవై ఏళ్ల ఉత్తరాలు దానికి గుచ్చి ఉన్నాయి. ఆ తీగను చూస్తే బాలస్వామికి ప్రాణం లేచివచ్చేది. పదిహేను పైసలకు పులిబొమ్మ, ఇంటిల్లిపాది క్షేమసమాచారం, చోటు చాలక అడ్రసు పక్కన నిలువుగా ఇరికించిన "బర్రె ఈనింది".

"చూసినవా? ఒక్కదానికీ మూల లేదు. ఇరవై ఏండ్ల సంది ఒక్కడే హంతకుడు."

"ఇది మీ మామ రాసిన కార్డు. నిన్ననే నా తాన అంగీ కుట్టిచ్చుకున్నడు."

"గదే మిస్టరీ. ఇగ విను. చింపిన ముక్క నేరస్థుని ఒంటి మీదనే ఉంటది. వానికి అదొక సుఖం."

ఆ సుఖం ఎలాంటిదో ఊహించుకుంటూ, దశరథం చెవి మీద దోపుకున్న కాగితం పుల్లను తీసి, చెవిలో పెట్టి, కళ్లు మూసుకొని తిప్పసాగాడు. ఆలోచన ముదిరితే ఆయనకది అలవాటు.

ఇంతలో తీగ మీది దుమ్ము ముక్కుకెక్కింది. ఒక్క తుమ్ము తుమ్మాడు. పుల్ల ఎగిరి, మిషన్ మీదున్న వర్ష పెళ్లి జాకెట్టు మీద పడింది. బాలస్వామి తిట్టుకుంటూ రెండు వేళ్లతో ఎత్తాడు. చుట్ట విచ్చుకుంది. అది పోస్టుకార్డు మూల. దాని మీద నీలం సిరాతో "క్షేమం" అని ఉంది.

కార్డుకు ఆనించి చూస్తే సరిగ్గా అతికింది. క్షేమమని మొదలుపెట్టి చావు కబురు రాసేవాడు పాలమూరులో లేడు. ధైర్యం చేసి బాలస్వామి చదివాడు. "రాధమ్మకు కృష్ణయ్య రాయించునది. పెండ్లికి ముందురోజే వస్తున్నాము. గట్టు సంగతి గట్టు మీదనే వదిలేసినాను. నేనుండగా పిల్లకు పెద్దదిక్కు లేదనుకోవద్దు."

రాధమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"కుడిచేతి వాటం అన్న. ముక్క ఒంటి మీదనే ఉంటదన్న. ఒక్కటన్న తప్పిందా?" అన్నాడు దశరథం.

బాలస్వామి ఆ మూల ముక్కనే తిప్పి చూస్తున్నాడు. ఒకప్పుడు ఇదే బల్ల మీది నుంచి మూల చిరిగిన కార్డు వస్తే అతని తల్లి గుండెలు బాదుకుని చన్నీళ్లు పోసుకుంది. వారం తిరగకముందే చిన్నాయన నవ్వుతూ వనపర్తి బస్సు దిగాడు. తల్లి మూర్ఛపోయింది. ఆ కేసు ఇవాళ తేలింది.

కృష్ణయ్య చెప్పిన రోజుకే దిగాడు, పెళ్లి దగ్గరుండి జరిపించాడు. మరునాడు రాధమ్మ బూత్‌కు వచ్చి డిటెక్టివ్ చేతిలో చిన్న పొట్లం పెట్టింది. విప్పి చూస్తే, విందుకు కోసిన కోళ్ల ఈకలు, శుభ్రంగా కడిగి ఆరబెట్టినవి.

"ఇగ చెవులకు ఇవి వాడు, దశరథమన్నా," అంది. "మా చుట్టాలు ఇంక నాలుగు రోజులు బతుకుతరు."