ఇరవై నిమిషాల నిశ్శబ్దం

ఆ రోజు ఉదయం ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. పియానో టీచరు రెండు పాటలు వాయించి, ఇంట్లోనే రికార్డు చేసి, మధ్యాహ్నం పన్నెండు లోపల సంగీత కళాశాలకు పంపాలి. ఒకటి కీబోర్డు మీద, మరొకటి పియానో మీద. అతుకులూ కత్తిరింపులూ పనికిరావు, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించాలి. గాయకుల పక్కన కూర్చుని పియానో వాయించే ఉద్యోగమది. తొమ్మిదేళ్ళకు ఖాళీ పడింది. వచ్చే నెలతో ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది. పదకొండేళ్ళుగా ఇరుగుపొరుగు పిల్లలకు సరిగమలు నేర్పి నేర్పి ప్రాణం విసిగిపోయిన మనిషికి ఇంతకు మించి అవకాశం లేదు.

ఆమె భర్త బస్సు డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో చెప్పే మనిషి ఇంట్లో మాత్రం ఊరుకుంటాడా? పది నుంచి పదీ ఇరవై దాకా పియానో, పదిన్నరకు కీబోర్డు అని టైంటేబుల్ గీశాడు. పియానోకు మైకులు పెడతారు కాబట్టి చీమ చిటుక్కుమన్నా రికార్డులో పడుతుంది. కీబోర్డు శబ్దం వైరులోంచి నేరుగా కంప్యూటర్లోకి పోతుంది కాబట్టి పక్కన పిడుగు పడ్డా నష్టం లేదు. అందుచేత పది నుంచి పదీ ఇరవై దాకా ఎవరూ చప్పుడు చేయవద్దని కోరుతూ అన్ని వాటాలకూ ముందురోజే కాగితాలు పంచాడు. మేడమీది దర్జీ మిషను ఆపుతానన్నాడు. పక్కవాటా వడ్రంగి రంపం ముట్టనని మాటిచ్చాడు.

పొద్దున్నే ఫ్రిజ్ ఆపేశారు. గోడ గడియారాన్ని బీరువాలో దుప్పట్ల మధ్య పడుకోబెట్టారు. పియానో మూత ఎత్తి రెండు మైకులు లోపలికి వంచారు. టీచరు అత్తగారు మూల కుర్చీలో బుద్ధిగా కూర్చుంది. తొమ్మిదీ యాభైకి టైంకీపరు హెడ్‌ఫోన్లు తగిలించుకుని భార్యను పియానో కింది పెడల్ ఒకసారి కాలితో నొక్కమన్నాడు. నొక్కింది. అది పాత తలుపులా కీచుమంది.

"నూనె చుక్క వేస్తే సరి. అయిదు నిమిషాల పని."

"ఏమండీ, ఇప్పుడు దాని జోలికి వెళ్ళకండి," అంది టీచరు. అప్పటికే అతను స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని పియానో కిందికి దూరాడు.

పదయ్యేసరికి పెడల్ మూడు ముక్కలై నేలమీద ఉంది. చెప్పిన మాట ప్రకారం మేడ మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అతను బిగించేలోపు కీబోర్డు పనైనా ముగిద్దామని టీచరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించసాగింది. మొదటిసారి తప్పు దొర్లింది. రెండోసారి బాగా కుదిరింది. మొగుడి సుత్తి దెబ్బ ఒక్కటి కూడా రికార్డులో పడలేదు. వాటాల్లో జనం మాత్రం ఎవరికీ అక్కరలేని ఆ ఇరవై నిమిషాలూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

పదీ ఇరవై రెండుకి పెడల్ బిగిసింది. ఆమె పియానో మీద రెండు వరుసలు వాయించిందో లేదో, మేడమీద మిషను అందుకుంది. పక్కవాటాలో రంపం దానికి తోడైంది. ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగుసార్లు మొదలుపెడితే నాలుగుసార్లూ చెడింది. పదకొండు దాటాక టైంకీపరు ఇంకో ఇరవై నిమిషాలు ఇప్పించమని అడగడానికి మెట్లెక్కాడు.

సాయంత్రానికి నలభై స్కూలు యూనిఫారాలు ఇవ్వాలని దర్జీ అన్నాడు. అయినా మాట మీద గౌరవంతో పని ఆపుకున్నాడట.

"పాటేమీ వినపడలేదు టైంకీపర్ గారూ. సుత్తి మోతే వినపడింది. మా పనులాపించి మీరు సామాను బాగుచేసుకున్నారా?"

ఆ ఇరవై నిమిషాల్లో తన భార్య కీబోర్డు మీద పాట మొత్తం వాయించిందనీ, అది బయటికి వినపడదనీ టైంకీపరు వివరించాడు. వివరించకుండా ఉంటే బాగుండేది. వినపడని పాటకోసం మేమెందుకు నోరు మూసుకోవాలని వడ్రంగి రంపంతో సహా వచ్చి నిలదీశాడు. ఆ గొంతు విని ఇంకో అయిదుగురు దిగారు. టైంకీపరు ఎంత నచ్చజెబితే గొడవ అంత పెరిగింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడుతూ టీచరు గుమ్మం దాకా వచ్చారు.

లోపల టీచరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కంప్యూటర్లో టైము చూస్తోంది. పదకొండూ ముప్ఫై నాలుగు. లేచి గుమ్మంలోకి వచ్చింది.

"అందరూ లోపలికొచ్చి కూర్చోండి. నేనేం వాయిస్తానో మీరే వినండి. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ అడగడానికి నాకు వయసుండదు."

వడ్రంగి రంపాన్ని గుమ్మం బయట పెట్టాడు. అందరూ లోపలికి వచ్చి గోడల వెంట కూర్చున్నారు. చప్పుడు చేసేవాళ్ళంతా గదిలోనే ఉండడంతో బయట చప్పుడు చేయడానికి ఎవరూ మిగల్లేదు.

పదకొండూ నలభైకి మొదలుపెట్టింది. ఆమె అంత బాగా ఎన్నడూ వాయించలేదు. దర్జీ కళ్ళు మూసుకున్నాడు. టైంకీపరు స్క్రీను వంక చూస్తూ గుటక కూడా మింగలేదు. పాట నెమ్మదించి ఒక్క స్వరం దగ్గర నిలిచే చోట అత్తగారు దగ్గింది. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు, పైగా గొంతు సవరించుకుంది.

టీచరు వేలు మీట మీదే ఉండిపోయింది. దగ్గు ఆగేదాకా ఆగి, అక్కడినుంచే మెల్లగా అందుకుని పూర్తిచేసింది. మళ్ళీ వాయించే వ్యవధి లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే పంపించారు.

అత్తగారు చేత్తో నోరు మూసుకుని కూర్చుంది. అందరూ తలలు దించుకుని వెళ్ళిపోయారు. టీచరు పియానో మూత దించి దానిమీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెడల్ ముట్టుకోవడం తనదే తప్పని భర్త ఒప్పుకున్నాడు. ఆ మాట ఇప్పుడు దేనికీ అక్కరకు రాలేదు.

నాలుగో రోజు కళాశాల ప్రిన్సిపాలమ్మ ఫోన్ చేసింది.

"కీబోర్డు బాగుందమ్మా. అలాంటివి మాకు ముప్ఫై వచ్చాయి. పియానోలో ఎవరో దగ్గినప్పుడు మీరు వాళ్ళకోసం ఆగారు చూశారా, మా గాయకులకి కావలసింది అదే. సోమవారం వచ్చి చేరండి."

టీచరు ఫోన్ పెట్టేసి అత్తగారిని పట్టుకుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. ఆ రోజు నుంచి అత్తగారు, తనకసలు దగ్గే లేదనీ, కోడలు తొందరపడుతుంటే చూడలేక కావాలనే దగ్గాననీ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.