కబురు మోసిన బండి

ఆదివారం పొద్దున కారోబారు కురుమయ్య పెట్టుకున్న పని ఒక్కటే. అమరచింతలో ఉన్న అత్త జమ్ములమ్మకు మోకాళ్ల నూనె సీసా ఇచ్చి, అన్నం వేళకు ఇల్లు చేరడం. ఇంత చిన్న పనికి రెండు ఊళ్లు ఏడవాల్సిన అవసరం ఏమొచ్చిందని మీరడగొచ్చు. సాయంత్రం కురుమయ్యా అదే అడిగాడు.

అతనికి యాభై ఆరేళ్లు. గ్రామ పంచాయతీ కారోబారుగా, పన్నుల వసూలు పని మీద ముప్పై ఏళ్లు నడిచి నడిచి కాళ్లు అరిగాయి. గద్వాల బస్సు కోసం రోడ్డు మీద నిలబడి నిలబడి ఉన్న కాస్త ఓపికా హరించుకుపోయింది. మొన్న బడిపంతులు బదిలీ మీద వెళ్తూ తన చిన్న మోటర్‌సైకిల్ అమ్ముతానంటే, ఇంట్లో చెప్పకుండా తెచ్చేసుకున్నాడు. వారం రోజులు ఊరవతల కళ్లంలో తిరిగి నేర్చుకున్నాడు. నేర్చుకున్నది పోవడం. ఆపడం ఇంకా చేతికి రాలేదు.

మెకానిక్ ఇస్రాయేలు భరోసా కూడా అలాంటిదే. "బండి మంచిదే కాక. జర నడుమల ఆపకు. ఆపితే బంద్ అయితది. బంద్ అయితే మళ్ల ఎత్తుకోదు. కిక్కులు కొట్టి కొట్టి నీ పానం పోతది."

భార్య ఎంకమ్మకు ఆ బండి పొడ గిట్టలేదు. "మనుమలను ఎత్తుకునే ఈడుల బండేందయ్యా నీకు? గీ ఒక్క దినం చూస్త. దీనితోని ఒక్క మనిషి పరేషానైనా సరే, పొద్దుగూకకముందే పక్కింటి పెంటయ్యకు ఇచ్చేస్త. ఆయన రోజూ అడుగుతనే ఉన్నడు."

"నీ మీద ఒట్టే. ఒక్క పురుగుకు సుత ఏం గాదు."

"నా మీద ఎందుకు? నీ మీద ఏస్కో."

అత్తగారింటికి తలస్నానం చేయకుండా పోనివ్వలేదు. తల ఆరలేదని తెల్ల తువ్వాల చుట్టింది. చెప్పులు గేరు మీద జారుతున్నాయని కురుమయ్య వాటిని సంచిలో వేసుకుని, ఉత్తకాళ్లతో బండెక్కాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ దిక్కున చావు కబురు మోసే మనిషి దారిలో ఆగడు, పలకరిస్తే పలకడు, ఎవరింటా గుక్కెడు నీళ్లు తాగడు. చేరవలసిన గడప చేరి చెప్పేదాకా నోరు విప్పితే కీడని నమ్మకం. ఎందరికో అలాంటి కబుర్లు మోసిన కురుమయ్యకు ఇది తెలియనిది కాదు. కానీ రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నవాడికి ముందు చక్రం తప్ప ఏ ఆచారమూ కనపడదు.

జూరాల డ్యాం ఇంకా కొంచెం దూరం ఉందనగా దేవరాజు చాయ్ హోటల్. "కారోబారన్నా, యాడికి?" అని కేకేశాడు దేవరాజు. కురుమయ్య తల తిప్పలేదు. తిప్పితే బండీ తిరుగుతుంది. "ఏమైందన్నా? అంతా మంచిదేనా?" అంటే కూడా పలకలేదు. ఉత్తకాళ్లు, తడి తల, తెల్ల తువ్వాల, పుట్టినప్పటి నుంచీ ఏడ్చినట్టుండే ముఖం. దేవరాజు చేతిలో గిలాస అలాగే ఉండిపోయింది.

"అమరచింత తొవ్వ పట్టిండు. అంటే అత్తగారింటికి. అయ్యో, ఎంకమ్మక్క!"

డ్యాం మీద కురుమయ్యకు ఈ గోల ఏమీ తెలియదు. అటు నిండుగా నీళ్లు, ఇటు గేట్ల కింద నురగ, చెవుల్లో గాలి. బస్సు లేదు, కండక్టర్ కసురు లేదు, మోకాళ్ల నొప్పి లేదు. ఇన్నేళ్లు దీన్ని తెలియకుండా ఎట్లా బతికాడో అతనికే అర్థం కాలేదు. సంతోషం పట్టలేక "ఓయ్యో!" అని గట్టిగా అరిచాడు. గేట్ల దగ్గర చేపలు పడుతున్నవాళ్లు ఆ అరుపు విని, పాపం ఎవరు పోయారో అని తువ్వాలలు తీశారు.

దేవరాజు ఆలస్యం చేసే మనిషి కాదు. కొత్తగా కొన్న సెల్లు ఊరికే ఉంటుందా? అమరచింతకు ఫోన్ కొట్టాడు. కాసేపటికి కురుమయ్యకు ఎదురుగా ఒక జీపు వచ్చింది. "అయ్యో బావా!" అని లోపలి నుంచి ఎవరో అరిచారు. బండి నడపడం చూసి మురిసిపోతున్నారనుకుని కురుమయ్య తల గంభీరంగా ఊపాడు. ఆ ఊపుతో జీపులో ఉన్న కాస్త ఆశా పోయింది.

అమరచింతలో తాళం చెవి తిప్పి బండి ఆపేసరికి అత్త ఇంటికి తాళం. పక్కింటి లలితమ్మ అతన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వేంది నాయనా ఈడున్నవు? నీ పెండ్లాం పోయిందని అందరు జీపు కట్టుకొని పోయిండ్రు గద!"

"ఎవలు జెప్పిండ్రు?"

"మీ దిక్కు నుంచే ఫోనొచ్చింది."

తమ దిక్కు నుంచే వచ్చిందంటే నిజమే అయి ఉంటుంది. తాను బయల్దేరి గంటన్నర అయింది. గంటన్నరలో ఏమైనా కావచ్చు. పైగా పొద్దున తానే ఆమె మీద ఒట్టు వేశాడు. కురుమయ్య నూనె సీసా గడప మీద పెట్టి, పదిహేడు కిక్కులు కొట్టి, వచ్చిన దారినే పట్టాడు. డ్యాం వచ్చింది, పోయింది. నీళ్లు కనపడలేదు. ముప్పై నాలుగేళ్లు తిట్టిన మనిషి లేకపోతే ఆ ఇంట్లో ఎట్లా ఉండాలో తెలియక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి దేవరాజు హోటల్ మూసి, సైకిలెక్కి వెంటబడ్డాడు.

వాకిట్లో నలభై మంది ఉన్నారు. బండి తులసి గద్దెకు ఆనుకుని తనంతట తానే ఆగింది. కురుమయ్య దాని మీదే కూలబడి "ఎంకీ!" అన్నాడు.

"వచ్చినవా? నన్ను సంపి ఊరంత చాటి వచ్చినవా?" అంటూ ఎంకమ్మ పల్లీల చేటతో లేచింది.

జరిగింది ఇదీ. జీపు దిగినవాళ్లు ఏడుస్తుంటే, మొగుడే బండి మీంచి పడి పోయాడనుకుని ఎంకమ్మ కూడా ఏడుపు అందుకుంది. ఎవరి కోసం ఎవరు ఏడుస్తున్నారో తేలడానికి చాలాసేపు పట్టింది. అమ్మ ఇత్తడి గుండిగ ఎవరిదని కొట్లాడి ఆరేళ్లుగా మాట్లాడని చెల్లెలు వసంత, ఆ గుండిగనే చంకన పెట్టుకొచ్చి, "నువ్వే ఉంచుకో అక్కా, లెవ్వే!" అని నిలబడి ఉన్న అక్క కాళ్ల మీద పడింది.

పరామర్శకు వచ్చిన పెంటయ్య మెల్లగా బండి సీటు నిమిరాడు. "అక్కా, మాటంటే మాట. ఒక్కరు గాదు, నలభై మంది పరేషానైరి. బండి ఇయ్యుండ్రి మరి."

కురుమయ్య తాళం చెవి చాపాడు. అలసిపోయాడు. ఎంకమ్మ బతికుంది, అది చాలు.

ఎంకమ్మ గుండిగ వైపు చూసింది. చెల్లెలి వైపు చూసింది. దుమ్ము మీద చారలు కట్టిన మొగుడి ముఖం చూసింది. తాళం చెవి తీసుకుని తన కొంగున ముడేసింది.

"ఇయ్యం పెంటయ్యా. ముప్పై నాలుగేండ్లల ఈ మనిషి నా కోసం గింత జల్ది ఎన్నడు రాలే."

పై ఆదివారం ఇద్దరూ కలిసి అమరచింత బయల్దేరారు. ఊరు దాటగానే దేవరాజు హోటల్ ముందుకొచ్చి "యాడికి కారోబారన్నా?" అని కేకేశాడు. కురుమయ్య ముందు చక్రం మీంచి చూపు తీయలేదు. వెనక కూర్చున్న ఎంకమ్మే, చెల్లెలికని తీసుకెళ్తున్న గుండిగ పైకెత్తి, "నేను బతికే ఉన్న!" అని అరిచింది. దారి పొడుగునా ప్రతి ఊళ్లోనూ అలాగే అరిచింది.

ఆ విధంగా కురుమయ్యకు ఆపడం నేర్చుకునే అవసరం తప్పింది.