ఈశాన్యంలో స్టార్ట్ బటను

బుధవారం ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు నెమళ్లకండ్రిగ మండలంలో ఆధునిక యుగం మొదలవుతుందని మండల రెవెన్యూ అధికారి గిరిప్రసాద్ గారు సోమవారమే ప్రకటించారు. మంత్రివర్యులు స్వహస్తాలతో కంప్యూటరును ప్రారంభిస్తారు. ఆ క్షణం నుంచి చేతిరాత ధ్రువపత్రాలు చెల్లవు. ఆ క్షణం దాకా కూడా చెల్లవని ఆయన ముందుచూపుతో చేర్చారు.

ఇరవై ఆరేళ్లుగా ఆ పత్రాలు రాస్తున్న సీనియర్ అసిస్టెంటు వరదయ్య కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా నాగులమ్మ నిలబడి ఉంది. వేరుశనగ చేలల్లో కూలికి పోయే మనిషి. కూతురు పల్లవికి తిరుపతి కాలేజీలో సీటు వచ్చింది. గురువారం సాయంత్రంలోగా ఆదాయ ధ్రువపత్రం చూపిస్తే ఫీజు లేదు, హాస్టలు ఉంది. చూపించకపోతే సీటే లేదు.

"ఒక కాయితం రాసియ్యి సామీ. నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా?"

"చెయ్యి అరగదు నాగులమ్మా, ఉద్యోగం అరుగుతాది. బుధవారం రా. మొదటి పత్రం నీదే అయ్యేట్టు చూస్తా."

గిరిప్రసాద్ గారు కూడా అందుకు ఒప్పుకున్నారు. వేదికమీద నిరుపేద ఎవరో ఒకరు కావాలి కదా.

మంగళవారం మంత్రివర్యుల వాస్తు సిద్ధాంతి ధనంజయ గారు తనిఖీకి వచ్చారు. నైరుతిలో ద్వారం ఉన్న ఇంట్లో మంత్రివర్యులు కాఫీ కూడా తాగరు. అందువల్లే ఆయన మూడు పార్టీల్లోనూ మంత్రిగానే ఉండగలిగారని జిల్లాలో ప్రతీతి. సిద్ధాంతిగారు దిక్సూచిని కంప్యూటరు దగ్గరికి తీసుకుపోతే ముల్లు తిక్క పట్టినట్టు తిరిగింది. ఆయన చలించలేదు. దిక్సూచిని జేబులో వేసుకుని, పటంలో పైవైపు ఉత్తరమైతే తెరమీదా ఉత్తరమేనని తేల్చారు. తేల్చిన వెంటనే ఉలిక్కిపడ్డారు.

"ఏంది తల్లీ, ఆ కింద ఎడమ మూల పచ్చంగా?"

"స్టార్ట్ బటను సార్," అంది ఆపరేటర్ ధరణి. "ఏం చేయాలన్నా ఆడినుంచే మొదలుపెట్టాల. ఈ అడుగున నీలం పట్టీని టాస్క్‌బార్ అంటారు. తెరిచినవన్నీ దీంట్లో కనిపిస్తాయి."

"నైరుతిలో ఆరంభమా! ప్రభుత్వం నిలుస్తాదా?"

గిరిప్రసాద్ గారు వెంటనే బటనును తీసేయమన్నారు. తీయలేమనీ, పట్టీ మొత్తాన్ని జరపవచ్చనీ ధరణి చెప్పింది. పట్టీ మీద మౌసు కుడి మీట నొక్కి, దాన్ని కదలనీయని లాక్ తీసి, తెర కుడి అంచుకు లాగింది. పట్టీ నిలువుగా నిలబడింది. స్టార్ట్ బటను పైన కుడి మూలకు, అంటే సాక్షాత్తూ ఈశాన్యానికి చేరింది. వరదయ్య మెచ్చుకున్నాడు. ఈ ఆఫీసులో ఒక ఫైలు ఒక బల్లనుంచి ఇంకో బల్లకు జరగడానికి మూడు నెలలు పడుతుంది.

కానీ సిద్ధాంతిగారి ముఖం వికసించలేదు.

"ఈశాన్యం ఖాళీగా ఉండాల. బరువు పనికిరాదు."

"బటను ఆడే ఉండాల, ఆ చోటు ఖాళీగా ఉండాల. అంతే గదా సార్?" అని ధరణి సెట్టింగులు తెరిచి ఒక గడిలో టిక్కు పెట్టింది. పట్టీ మొత్తం అంచులోకి జారి మాయమైంది. "ఆటో హైడ్ సార్. మౌసు అంచుకు పోతే వస్తాది, పక్కకు వస్తే దాక్కుంటాది."

ఉండీ లేకుండా ఉండటం! సిద్ధాంతిగారు చేతులు జోడించారు. ఇన్నేళ్ల సర్వీసులో అంత సంపూర్ణమైన ప్రభుత్వ వస్తువును తానూ చూడలేదని వరదయ్య అనుకున్నాడు. ముహూర్తం దాకా మౌసు కుడి అంచుకు పోరాదని గిరిప్రసాద్ గారు లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, మౌసుకు పసుపు గుడ్డ కప్పించారు.

బుధవారం పదకొండూ నలభైకి రావలసిన మంత్రివర్యులు మూడింటికే వచ్చేశారు. నాగులమ్మ ఉదయం నుంచి ఎండలో నిలబడి ఉంటే ధరణి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మంత్రివర్యులు మౌసును కుంకుమతో అలంకరించి, ధైర్యంగా కుడి అంచుకు నడిపించారు. పట్టీ టక్కున బయటికొచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. పట్టీ మాయమైంది.

"ఏందప్పా ఇది, నన్ను సూసి దాక్కుంటా ఉండాది?"

"మీరంటే భయభక్తులు సార్," అన్నారు గిరిప్రసాద్ గారు.

చప్పట్లు మోగాయి. మంత్రివర్యులు మళ్లీ రెండుసార్లు భయపెట్టి ఆనందించారు. తర్వాత వారి పీఏ ఒక కవరు అందించాడు. మొదటి ధ్రువపత్రం ఇదేనంటూ దాన్ని నాగులమ్మ చేతిలో పెట్టి మంత్రివర్యులు నవ్వారు. విలేకరి ఎల్లప్ప ఫోటో తీశాడు. కారు తలుపు పడిన శబ్దం వినగానే పీఏ వచ్చి కవరు వెనక్కి తీసుకున్నాడు.

"అది నాది గదప్పా!"

"దీంట్లో మీ పేరు లేదమ్మా. వారం దినాలుగా ఇదే ఇస్తా ఉండాం. శ్రీకాళహస్తి దావలో ఇంకా రెండు మండలాలు ఉండాయి."

వరదయ్య పరుగున గిరిప్రసాద్ గారి దగ్గరికి పోయాడు. ఆయన కంప్యూటరు గదికి తాళం వేస్తున్నారు.

"సార్, ఈమెకు ఒక్క పత్రం తీసిచ్చి వేద్దాం తాళం. రేపే ఆఖరు."

"ప్రారంభించమని జీవో వచ్చింది వరదయ్యా. పనిచేయించమని రాలే."

"పోనీ, చేత్తో రాసిస్తా సార్."

"చేతిరాత యుగం ముగిసింది గదప్పా! ఇప్పుడే గదా చప్పట్లు కొట్టినావు?"

కొట్టిన మాట నిజమే. వరదయ్య బయటికి వచ్చాడు. స్కూటరు ఎక్కబోతున్న ఎల్లప్పను ఆపి, ఫోటో కింద ఏం రాస్తావని అడిగాడు. మంత్రిగారి బిరుదులు రాస్తానన్నాడు ఎల్లప్ప.

"ఆమె పేరు, ఊరు, కూతురి పేరు, ఏడాదికి ఆదాయం పదకొండు వేలు అని కూడా రాయి నాయనా. అంకె తప్పు పోకూడదు."

గురువారం వరదయ్య సెలవు పెట్టి తల్లీకూతుళ్లతో తిరుపతి బస్సెక్కాడు. కాలేజీ గుమస్తా గోవిందస్వామి ఆదాయ ధ్రువపత్రం అడిగితే వరదయ్య ఆనాటి పేపరు పరిచాడు. పేరు ఉంది, ఊరు ఉంది, ఆదాయం ఉంది. పత్రం అందజేస్తూ సాక్షాత్తూ మంత్రివర్యులు ఉన్నారు. గోవిందస్వామి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది సెల్లదంటే మంత్రిగారు సెల్లరన్నట్టే గదప్పా!"

"నేనామాట అనలే," అన్నాడు వరదయ్య.

గోవిందస్వామి పేపరు కత్తిరించి దరఖాస్తుకు అంటించి, పల్లవి పేరు రిజిస్టరులో ఎక్కించాడు. సీలును ఇంకులో అద్ది పైకెత్తి, ఆగిపోయాడు. ఫోటోలో ఎక్కడ చూసినా మంత్రివర్యులే ఉన్నారు. ఆయన ముఖం మీద ప్రభుత్వ ముద్ర పడితే ఏ సెక్షను కిందికి వస్తుందో అతనికి తెలియదు.

నాగులమ్మ వంగి చూసి, ఫోటోలో ఒక మూలన ఉన్న కంప్యూటరు మీద వేలు పెట్టింది.

"ఈడ కొట్టు సామీ. దీనికి వేరే పనేం లే."