ఇద్దరికీ ఒకే నంబరు

మధ్యాహ్నం దాకా పనిచేసి, సెలవు పెట్టి, అమ్మను కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి. ఆ ఉదయం ఆమె అనుకున్నది ఇంతే. డేటాబేస్ చూసుకునే మనిషికి అమ్మ కూడా ఉంటుందన్న సంగతి మేనేజరుకు ఎప్పుడూ తట్టలేదు.

"సెలవు సంగతి తర్వాత చూద్దాం. కొత్త బ్రాంచి ఉద్యోగుల వివరాలు మన పట్టికలోకి ఎందుకు ఎక్కట్లేదు?"

"డేటాబేస్‌లో రాసిపెట్టిన రూల్స్ ఒప్పుకోవట్లేదు సార్. ఒక ఉద్యోగి నంబరు ఒక్కరికే ఉండాలి. అక్కడ ఒకళ్ల నంబరు మనవాళ్ల నంబరుతో కలిసింది. ముందు అదెవరిదో చూసి..."

"చూడ్డానికి టైమెక్కడుందమ్మా? ఆ రూల్స్ తీసి పారెయ్యండి. తర్వాత పెట్టుకోవచ్చు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తీసేముందు ఏ రూలు ఎలా రాసి ఉందో దాచుకోవాలని ఆమెకు తెలియక కాదు. తీసెయ్యమన్నాడుగా, తీసేస్తే సరి అని పళ్లు కొరుకుతూ అన్నిటినీ తీసేసింది. వివరాలు చకచకా ఎక్కేశాయి. అదే ఊపులో సెలవు దరఖాస్తు కూడా పంపేసింది.

టీ తాగేలోగా మంజూరైంది. ఆమె నమ్మలేదు. పక్క సీటు అకౌంటెంటు కూడా ఒకటి పంపి చూశాడు, అదీ మంజూరైంది. విషయం పొక్కింది. కాసేపటికి సగం కుర్చీలు ఖాళీ.

మేనేజరు చిందులు తొక్కుతూ వచ్చాడు. "నేను ఒక్కటీ ఇవ్వలేదే. ఎవడిస్తున్నాడు ఇవన్నీ?"

వెతికితే తేలింది. కొత్త బ్రాంచి వాచ్‌మన్‌ది కూడా మేనేజరు నంబరే. ఆ నంబరు మీద కొత్తగా ఎక్కింది వాచ్‌మన్ వివరాలే కాబట్టి, మేనేజరుకు రావాల్సిన సెలవు దరఖాస్తులన్నీ అతని ఫోనుకు పోతున్నాయి. మేనేజరు అతనికి ఫోన్ చేసి అరిచాడు.

"నేను సెలవడిగితే ఎవరూ ఇవ్వరండీ," అన్నాడు వాచ్‌మన్ తాపీగా. "ఆ బాధేంటో నాకు తెలుసు. అందుకే అందరికీ ఇచ్చేస్తున్నా."

"ముందా రూల్స్ మళ్లీ పెట్టండి," అని మేనేజరు ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"ఎలా రాసున్నాయో దాచలేదు సార్."

ఈసారి ఆమెకు తన మీదే కోపం వచ్చింది. అక్కడ అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది, మార్పులు ముందుగా పరీక్షించి చూడ్డానికి పెట్టుకున్న నకలు డేటాబేస్‌లో పాత రూల్స్ అలాగే ఉన్నాయని. వాటి రాతలన్నీ అందులోంచి బయటికి లాగి, ఒక్కొక్కటే ఇక్కడ మళ్లీ పెట్టింది. అన్నీ కుదురుకున్నాయి, ఒక్కటి తప్ప.

"ఏమైంది?"

"మీ నంబరు మీద ఇద్దరున్నారు సార్. ఒకళ్లది మారిస్తేగానీ ఈ రూలు కూర్చోదు."

"అయితే వాడిది మార్చండి."

"రేపు మారుస్తాను." ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "నేనిప్పుడు సెలవులో ఉన్నాను."

"ఎవడిచ్చాడు నీకు సెలవు?"

"రికార్డులో మీ నంబరే ఉంది సార్."

ఆ రోజు ఆఫీసులో సెలవు దొరకనిది మేనేజరు ఒక్కడికే.